కంపెనీ సామాను, అవ్వ తిట్లు

కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. మొన్న జనగామ బైపాసు పక్కన, నరేష్ అనే కుర్ర మెకానిక్ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉన్నాను. నా కారు స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడల్లా ముందు భాగం ముసలివాడి మోకాళ్ళలాగా టకటకమంటోంది. నరేష్ కారు కింద నుంచి పాకుతూ బయటికి వచ్చి, నూనె మరకల గుడ్డ మీద సామాను రెండు కుప్పలుగా పెట్టాడు. ఒకటి సీలు వేసిన కంపెనీ డబ్బా, ఇంకొకటి బయటి సరుకు. "తాతా, కంపెనీది ఎయ్యాల్నా, బయటిది ఎయ్యాల్నా? చెప్తే జల్ది చేస్త," అన్నాడు. రెంటి రబ్బరు వాసనా కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. నాకు మళ్ళీ పన్నెండేళ్ళ వయసు వచ్చింది.

ఆ రోజుల్లో మా బాపుకు జనగామలో పది కిరాయి కార్లు ఉండేవి. సరే, పది కాదు, మూడు. ఈ వయసులో అబద్ధం ఎందుకు, ఒక్కటే ఉండేది, అది కూడా ఇద్దరి చేతులు మారి మా గుమ్మానికి వచ్చిన నల్ల కారు. కిరాణా దుకాణం ఒక పక్క, కారు ఒక పక్క. వరంగల్ దవాఖానకు రోగులను, మానుకోటకు పెళ్ళివాళ్ళను, కాళేశ్వరానికి అస్థికలు పట్టుకున్నవాళ్ళను అదే మోసేది. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. పెళ్ళివాళ్ళు దిగి వెళ్ళాక సీట్ల సందుల్లో అరిసె ముక్కలు, నలిగిన మల్లెపూలు, ఒక్కోసారి ఒంటి మెట్టె దొరికేవి. ఎండాకాలం నెల్లికుదురు దిక్కు నుంచి వస్తే బాపు తువ్వాలులో తునికిపండ్లు, మొర్రిపండ్లు కట్టుకొచ్చేవాడు. వానాకాలం వస్తే ఏ పండూ లేదు, గుంతలే. గుంతల దెబ్బను చక్రానికీ బండికీ మధ్య కూర్చుని మింగే రబ్బరు ఉంగరాలు ఉంటాయి, బుష్షులు అంటారు. వాన వెలిసేసరికి అవి నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా అయ్యేవి.

బండి ముందు భాగం బాగుందో లేదో తేల్చడానికి ఇప్పుడు మిషన్లు వచ్చాయి. మాకు మా అవ్వ ఉండేది. అవ్వ అంటే బాపును కన్న తల్లి. దుకాణంలో బెల్లం బుట్టల మధ్య యాభై ఏళ్ళు కూర్చుని నడుం పూసలు అరిగిపోయిన మనిషి. రిపేరు అయిన ప్రతిసారీ బాపు ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి, రైలు గేటు దాటించి, జఫర్‌గఢ్ దాకా తీసుకెళ్ళి తిరిగి తెచ్చేవాడు. తల్లిని అలా గుంతల్లో ఎత్తేయడం ఆయనకు తప్పుగా తోచలేదు, ఆమెకూ తోచలేదు. తిట్టే అవకాశం ఎవరు వదులుకుంటారు! ఒక్క తిట్టు వస్తే గ్రీజు చాలలేదని లెక్క. రెండు వస్తే బుష్షులు పోయాయని. మిస్త్రీ తాత ముత్తాతల దాకా పోయిందంటే ముందు భాగమంతా విప్పాల్సిందే. మోటారు స్టాండులో లారీల వాళ్ళు కూడా సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి, "అవ్వ ఏమన్నది?" అని అడిగి పోయేవారు. అవ్వకు ఉన్న షరతు ఒక్కటే, తన పాత బొంత నాలుగు మడతలు పెట్టి కింద వేయాలి. అది లేకుండా ఆమె ఎప్పుడూ బండి ఎక్కలేదు. ఆ బొంత తెచ్చి వేసే పని నాది.

మిస్త్రీ పేరు సాయిలు. సన్నటి మనిషి, మాట తక్కువ, గోళ్ళ కింద నలుపు ఏ పండుగకూ పోదు. ఆ ఏడు పెళ్ళాం పుస్తెలతాడు కుదువపెట్టి పాత లేతు మిషన్ ఒకటి కొన్నాడు. అరిగిపోయిన లారీ టైర్లు కోసి, దాని మీద బుష్షులు తిప్పేవాడు. వానలు వెనక పట్టాక బాపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సేటూ, కంపెనీది పట్నం నుంచి రావాల్నంటే నెల పడ్తది. అది పట్నం రోడ్లకు చేసిన సరుకు. నేను మన గుంతలు చూసి చేసిన. ఒక్కసారి ఏసి చూడు."

"అవ్వ ఏమనకపోతే నీదే ఖాయం. నేనే కాదు, లారీల యజమానులకు గూడ నేనే చెప్త," అన్నాడు బాపు. "అవ్వ తిట్టిందనుకో, నీ దారి నీది."

దసరాకు బండికి పూజ. ఆలోగా రెండు రకాలూ వేసి తేల్చాలి. సాయిలు మిషన్, సంసారం, పెళ్ళాం మెడలో తాడు, అన్నీ మా అవ్వ నడుం మీద ఆధారపడ్డాయి.

మంచి బుద్ధి ఉంటే నేను సాయిలు పక్షాన ఉండాలి. నాకు సైకిలు బాగు చేసిచ్చింది ఆయనే, చిర్రగోనె ఆటకు, అదే గిల్లీదండాకు, చిర్ర నున్నగా చెక్కిచ్చిందీ ఆయనే. కానీ బడిలో లారీ యజమాని కొడుకొకడు ఉండేవాడు. చిర్రగోనెలో నేను గెలిచినప్పుడల్లా వాడికి కడుపు మండేది. ఒకరోజు అందరి ముందు, "ఏందిరా, మీ కారు టైరు చెప్పులు ఏస్కుంటదట గదా! కూలికి పోతదా ఏంది?" అన్నాడు. పిల్లలు పడి పడి నవ్వారు. వాణ్ణి అక్కడే దుమ్ములో పొర్లించి కొట్టానని మా మనవళ్ళకు చెబుతుంటాను. కొట్టలేదు. ఇంటికి వచ్చి, అవ్వ బొంత తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళ గోలెంలో ముంచాను.

మర్నాడు సాయిలు బుష్షులు బిగించి, చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు. అవ్వ సీటు తడిమి చూసింది.

"బొంతేదిరా?"

"తడిసిందవ్వా. నీళ్ళు కారుతున్నయి."

"నీ బొంద! ఎవడు తడిపిండురా? సరే పా, ఎప్పుడన్నా సచ్చేదే గదా."

రైలు గేటు దాటక ముందే మొదలైంది. "నీ చేతులల్ల మన్నువడ సాయిలూ!" దగ్గర మొదలై, ఆయన లేతు మిషన్ కాలిపోవాలని, ఆయన తాతకు పిండం ముట్టకూడదని, జఫర్‌గఢ్ దాకా ఆగలేదు. నేను వెనక సీటులో కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. తిరిగి వచ్చేసరికి ఆమెను ఇద్దరు పట్టి దింపాల్సి వచ్చింది. సాయిలు ఎదురు వచ్చాడు.

"అవ్వా, నిజం చెప్పు. అంత గుంజిందా?"

"ఒళ్ళంత హూనమైంది కొడుకా. నీతోని అవద్దమాడి నాకేం ఒస్తది?"

అవ్వ మీద సాయిలుకు కోపం రాలేదు. ఆమె అబద్ధం ఆడదని ఊరందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. అందుకే తన బుష్షులు తనే విప్పుకున్నాడు.

నెలకు కంపెనీ డబ్బా వచ్చింది. రంగుల అట్ట, లోపల నూనె కాగితం, వెండి రంగు సీలు. ఆ రాత్రి దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. మర్నాడు ఎండలో కరకరలాడేలా ఆరిన బొంతను నాలుగు కాదు, ఎనిమిది మడతలు పెట్టి వేశాను. అవ్వ జఫర్‌గఢ్ పోయేటప్పుడు నిద్రపోయింది, వచ్చేటప్పుడూ నిద్రపోయింది. "చూసిన్రా, కంపెనీదంటే కంపెనీదే," అన్నాడు బాపు అరుగు మీద. ఆ మాట ఆ సాయంత్రానికల్లా లారీలన్నిటికీ అందింది.

దసరా నాడు కారుకు బంతిపూల దండలు వేశాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఇంట్లో బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు ఇంకా మిగిలే ఉన్నాయి, నెయ్యీ బెల్లం కలిసిన వాసన చేతులకు పట్టుకుని వదిలేది కాదు. ఆ చేతులతోనే మేం నలుగురం పిల్లలం, సాయిలు షెడ్డు బయట పడేసిన టైరు బుష్షులను సుతిలి తాడుకు గుచ్చి, చెప్పుల దండలాగా ఆయన లేతు మిషన్‌కు వేశాం. నేను దూరంగా నిలబడి చూశాను. కాదు, ముడి వేసింది నేనే. పండుగ బట్టల్లో ఉన్న పెళ్ళాం పిల్లల ముందే సాయిలు దండ తీశాడు. తాడు తెంపకుండా, ముడి ఓపికగా విప్పి, ఒక్కో బుష్షునూ పంచెతో తుడిచి డబ్బాలో వేసుకున్నాడు. సంక్రాంతి రాకముందే మిషన్ ఎవరికో అమ్మేశాడు. భూపాలపల్లి అడవి దిక్కు, కర్ర లారీల దగ్గర పని దొరికిందని సంసారంతో వెళ్ళిపోయాడు.

కంపెనీ బుష్షులు మరుసటి వానాకాలం దాటలేదు. బాపు మళ్ళీ కంపెనీవే తెప్పించాడు, ఆ తర్వాతి ఏడూ తెప్పించాడు. అందరి ముందు అన్న మాట కదా. అవ్వ మూడో ఏడు మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టి నా కళ్ళలోకి చూసింది. "ఆ పొద్దు బొంత ఉంటే ఎట్లుండునో," అన్నది. "సాయిలు కండ్లవడితే చెప్పురా, ముసల్ది బొంత లేక తిట్టిందని." నేను తల ఊపాను. నాలుగు రోజులకు పోయింది.

అస్థికలు తీసుకుని బాపూ నేనూ కాళేశ్వరం బయల్దేరాం. భూపాలపల్లి దాటాక అడవిలో ముందు చక్రం దగ్గర ఏదో విరిగినట్టు చప్పుడై బండి ఆగిపోయింది. దారిన పోయే లారీ డ్రైవరు కర్ర డిపో నుంచి మిస్త్రీని పంపిస్తానన్నాడు. వచ్చింది సాయిలు. ఒక గడ్డం పెరిగింది, అంతే. ముందు సీటులో తెల్ల గుడ్డ కట్టిన కుండ చూసి అడగకుండానే తెలుసుకుని చేతులు జోడించాడు. గంటసేపు కారు కింద పడుకుని, డిపోలో దొరికిన టైరు ముక్క చెక్కి బిగించాడు. బాపు నీళ్ళ కోసం డిపో దిక్కు నడిచాక, సాయిలు పైకి లేవకుండానే అడిగాడు.

"చిన్న సేటూ, అవ్వ మల్ల ఎప్పుడన్న నా సామాను ముచ్చట తీసిందా?"

ఇక్కడ నేను ఆయన కాళ్ళ మీద పడ్డానని, బొంత సంగతి చెప్పి ఏడ్చానని, ఆయన నన్ను లేపి కావలించుకున్నాడని ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో లెక్క లేదు. విన్నవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. పడలేదు. ఏడవలేదు. బాపుకు తెలుస్తుందని భయం, అంతకన్నా, కారు కింద పడుకున్న మనిషి ముందు చిన్నబోవడమా అన్న పొగరు.

"తీసింది," అన్నాను. "పోయేదాక నిన్నే తిట్టింది."

కారు కింద పానా చప్పుడు ఆగింది. "పెద్ద మనిషి. ఉన్నదే అంటది," అని వినిపించింది. తర్వాత చివరి నట్టును ఇంకో అర చుట్టు బిగించిన చప్పుడు. పైసలు ముట్టలేదు. కాళేశ్వరం దాకా కుండ దొర్లుతుందేమోనని నేను చేయి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా నా చేతికి తగల్లేదు.

ఇప్పుడు జనగామలో టైరు కోసి బుష్షు తిప్పేవాడు ఒక్కడూ లేడు. సాయిలు షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, బయటి సరుకు కూడా రంగుల డబ్బాలోనే వస్తోంది. బండి బాగైందా అని ఏ ముసలమ్మనూ అడిగేవారు లేరు. నరేష్ రెండు చేతుల్లో రెండూ పట్టుకుని నిలబడ్డాడు. "బయటిది గూడ మస్తుగున్నది తాతా, మన రోడ్లకు ఇదే నయం అంటున్నరు అందరు," అన్నాడు.

"కంపెనీదే ఎయ్యి బిడ్డా," అన్నాను.

నాణ్యత తెలిసిన మనిషినని అతను అనుకుని ఉంటాడు, ఇంట్లో వాళ్ళూ అలాగే అనుకుంటారు. ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లు మార్చినా బయటి ముక్క ఒక్కటి వేయించలేదు. వేయిస్తే, అది బాగుంటే? ఈ వయసులో ఆ మెత్తటి ప్రయాణం నావల్ల కాదు.