టీవీకి దూరంగా కూర్చున్న భయ్యా

మొన్నొక ఆదివారం వరంగల్ మట్టెవాడలో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ముందు నిలబడి ఉన్నాను. నా గేమ్ కంట్రోలర్‌లో ఒక మీట వదులైతే బాగుచేయించుకోవడానికి వెళ్లాను. ఈ వయసులో ఇదేం సరదా అని మా ఆఫీసులో నవ్వుతారు, నవ్వనీ. దుకాణంలోని మనిషి వేడి కడ్డీని సీసం తీగకు తాకించగానే సన్నటి తెల్లపొగ లేచింది. గుగ్గిలం మాడినట్టుండే, కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా గొంతుకు పట్టుకునే ఆ వాసన తగిలేసరికి నాకు మా నాన్న, మా అబ్బా చేతులు గుర్తొచ్చాయి. ఎప్పుడూ వేళ్ల చివర్లు కాలి గట్టిపడి ఉండేవి. నా జడ వేసేటప్పుడు వెంట్రుకలకు గరుకుగా తగిలేవి.

అబ్బాది టీవీ రిపేరు దుకాణం. దుకాణమంటే మా ఇంటి ముందు గదే. గదికీ ఇంటికీ మధ్య ఒక పూల పరదా. పరదాకు ఇవతల అమ్మీ వేసే పచ్చిపులుసు తాలింపు, అవతల సోల్డరింగ్ పొగ, రెండూ కలిసి మా బట్టలకు అదో వాసన ఉండేది. గోడ పొడవునా బాగుపడాల్సిన టీవీలు, వెనకభాగాలు ఊడదీసి, కడుపులు బయటపెట్టుకుని వరసగా కూర్చునేవి. ఒకదాంట్లో బొమ్మ పచ్చగా వచ్చేది, ఒకదాంట్లో మనుషులంతా పొట్టివాళ్లయ్యేవాళ్లు, ఒకదాంట్లో మాట వినిపించేది కానీ మనిషి కనిపించేవాడు కాదు. బాగుచేసిన టీవీని అబ్బా వెంటనే ఇచ్చేవాడు కాదు. పొద్దు మూకేదాకా నడిపి చూడాలి, వేడెక్కి ఆగిపోకుండా ఉంటేనే అది బాగైనట్టు. ఆ నడిపి చూసే పని నాదీ, మా భయ్యాదీ. ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ రాని ఒక టీవీ గేము పెట్టె మా దగ్గర ఉండిపోయింది. దానికి రెండు రిమోట్లు. అంతకన్నా పెద్ద భాగ్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

భయ్యా పేరు ఖాజా. నాకన్నా కొంచెమే పెద్ద. ఎండాకాలం సెలవుల్లో తడిపి కట్టిన గోనెపట్టాల చల్లదనంలో, ఒక పక్క మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని నాలుక పులిసేదాకా తింటూ, ఇద్దరం ఆడేవాళ్లం. ఆ పెట్టెలోని గేములో ఇద్దరు వేటగాళ్లు అడవిలో ఎడమ నుంచి కుడికి పరిగెత్తాలి. ఒకడిది ఎర్ర చొక్కా, ఒకడిది నీలం చొక్కా. పచ్చ టీవీలో ఆడిన రోజు ఇద్దరూ ఒకటే రంగై, ఎవరు ఎవరో తెలియక గొడవపడేవాళ్లం. రంజాన్ నెలలో ఉపవాసం తెలియకుండా పొద్దు గడవడానికి ఆడేవాళ్లం. మసీదు మైకు గరగరమనగానే రిమోట్లు కింద పడేసి ఖర్జూరాలకూ, అమ్మీ వేయించిన మిర్చీలకూ పరిగెత్తేవాళ్లం. బతుకమ్మ నాడు పక్కింటి అత్త పంపిన నువ్వుల సద్దులు వేళ్లకంటుకుని రిమోటు మీటలు జిడ్డయ్యేవి. మేడారం జాతరకు వీధి వీధంతా బండ్లు కట్టుకుని పోయినప్పుడు దుకాణానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, ఉన్న టీవీలన్నీ మావే.

భయ్యా అంత బాగా ఆడేవాళ్లను నేను ఇప్పటికీ చూడలేదు. చివరి మజిలీలో రాతి రాక్షసుడు ఒకడుండేవాడు. వాడి దాకా వెళ్లడమే గొప్ప. భయ్యా మాత్రం పక్కన నన్ను కాచుకుంటూ, నా వేటగాడు చస్తే తన ప్రాణం ఒకటి నాకిచ్చి మరీ తీసుకెళ్లేవాడు. ఆ గేములో అట్లా ఇవ్వొచ్చు.

ఆ రోజుల్లోనే ఖిలా వరంగల్‌లో సినిమా షూటింగు జరిగింది. రాజుగారి గుర్రాన్ని ఎత్తుకుపోయి, ఊళ్లకు ఊళ్లు దాటించి, చివరికి దాన్ని విడిచిపెట్టే ఒక కాపలావాడి కథ అది. పేరు ఏదైనా మేమంతా గుర్రం సినిమా అనేవాళ్లం. అబ్బా సైకిలు మీద ముందు నన్ను, వెనక భయ్యాను కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. విరిగిన రాతి స్తంభాల మధ్య గుర్రం అటూ ఇటూ పరిగెత్తుతూనే ఉంది, ఎవరో మైకులో అరుస్తూనే ఉన్నారు, మాకేమో అదే సీను మళ్లీ మళ్లీ ఎందుకో అర్థం కాలేదు. మధ్యలో దానికి నీళ్లు పట్టించేటప్పుడు గుర్రాన్ని చూసుకునే అతను భయ్యా చెయ్యి పట్టి దాని మెడ మీద పెట్టించాడు. చెమటతో తడిసి, వేడిగా, వణుకుతూ ఉందట. ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సినిమా వచ్చాక మేము ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. గుర్రాన్ని విడిచిపెట్టే చోట హాలంతా చప్పట్లు కొడుతుంటే భయ్యా మాత్రం కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చునేవాడు.

ఆ తరువాతి వానాకాలంలో అనుకుంటాను, భయ్యా పొద్దు మూకితే గడపలు తన్నుకోవడం మొదలుపెట్టాడు. కరెంటు పోతే కూర్చున్న చోటు నుంచి లేచేవాడు కాదు. రేచీకటి అన్నారు చుట్టాలు. అమ్మీ మేక కార్జం వండింది, క్యారెట్లు తురిమింది, మునగాకు పప్పు రోజూ పెట్టింది. భయ్యా అన్నీ నోరు మూసుకుని తిన్నాడు. కానీ పగలు కూడా పక్కన ఉన్న చెంబు కనిపించక తన్నేసేవాడు. అమ్మీ తిట్టేది, తరువాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది.

నేను కనిపెట్టింది ఇంకొకటి. అందరూ చూపు తగ్గితే టీవీకి దగ్గరగా జరుగుతారు. భయ్యా దూరంగా జరిగేవాడు. ముందు చాప చివరికి, తరువాత పరదా దాకా. రిమోటు తీగ అందేది కాదు. ఒకరోజు అబ్బా అడిగాడు.

"గంత దూరం ఎందుకు రా, కండ్లకు మంచిదనా?"

"కాదు అబ్బా, దగ్గర కూసుంటే టీవీల సగమే కనపడతది. దూరం పోతే మొత్తం పడతది."

అబ్బా లేచాడు. ఒక పాత తీగ ముక్క వెతికి, భయ్యా రిమోటు తీగకు అతికించి పొడుగు చేసి ఇచ్చాడు. మరుసటి వారమే హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు.

కంటి వెనక పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. చూపు ఒక గొట్టంలోంచి చూసినట్టయి, ఆ గొట్టం సన్నబడుతూ పోతుందట. మందు లేదన్నాడట డాక్టరు. ఎన్ని టీవీలకు బొమ్మ తిరిగి తెప్పించాడో, ఆ అబ్బా అక్కడ డాక్టరును, "పార్టేమన్న మారుస్తరా సార్, ఎంతైనా సరే," అని అడిగాడని అమ్మీ తరువాతెప్పుడో నాకు చెప్పింది. డాక్టరు తల అడ్డంగా ఊపి, అబ్బా భుజం మీద చెయ్యి వేశాడట. ఆ రోజు ఇంటికి వచ్చి అబ్బా దుకాణం తెరిచాడు కానీ ఏ టీవీనీ ముట్టుకోలేదు.

ఆట మాత్రం ఆగలేదు. చూపు ఎంత తగ్గితే నా గొంతు అంత పెరిగింది. "ఎడమ దిక్కు వస్తాండు భయ్యా! పైన గబ్బిలం! దుంకు, దుంకు! ఆగు, గుంత ఉన్నది!" అని అరుస్తూ నా వేటగాణ్ణి నేను ఆడించుకునేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పకూడదు, చెబితే భయ్యా చస్తాడు. ఆటలోనే అనుకోండి. కానీ నాకు ఆటలా ఉండేది కాదు. పైగా ఆ గేములో ప్రతి దెబ్బకూ ఒక కూత, ప్రతి దూకుడుకూ ఒక చప్పుడు ఉండేవి. వాటిని పట్టుకుని, నా అరుపులు పట్టుకుని, టీవీ మసక వెలుతురుగా మిగిలిన రోజుల్లో కూడా భయ్యా రాతి రాక్షసుణ్ణి పడగొట్టాడు. ఆ సాయంత్రం పెట్టె చెయ్యి కాలేంత వేడెక్కింది. ఆ తరువాత ఏడాదికి ఆ వెలుతురు కూడా పోయింది.

ఇప్పుడు భయ్యా ఒక ప్రభుత్వ ఆఫీసులో టెలిఫోను ఆపరేటరు. నేను హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ, జీతంలోంచి మిగుల్చుకుని గేములు కొంటాను. కొత్త గేముల మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి, వినేవాళ్లే లేరు. అందం గురించి చెప్పాలంటే వాటికి సాటి లేదు. వాన పడితే రాళ్లు తడుస్తాయి, గాలి వీస్తే గడ్డి వంగుతుంది, కొండెక్కి చూస్తే కనుచూపు మేర అంతా మనం వెళ్లగలిగిన చోటే. కానీ అడుగు తీసి అడుగు వేస్తే ఏదో ఒక పని అప్పజెబుతారు. ఇక్కడ పది పూలు ఏరు, అక్కడ ఎవరి ఉత్తరమో చేరవేయి. ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ ఆఫీసుకు పోయినట్టుంటుంది. మన బొమ్మకు చొక్కా మార్చాలంటే డబ్బు కట్టమంటాయి. అన్నిటికన్నా, ఒకే టీవీ ముందు పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఆడేవి వెతికితే గానీ దొరకవు. ఎవరి టీవీ వాళ్లకు, ఎవరి పెట్టె వాళ్లకు, చెవుల్లో ఎవరిదో ముక్కూ మొహం తెలియని గొంతు. ప్రాణం ఇవ్వడమనేది ఏ గేములోనూ నాకు మళ్లీ కనిపించలేదు.

చూపు లేనివాళ్ల కోసం దారి చెప్పే చప్పుళ్లు పెట్టిన గేము ఒకటి వచ్చిందని విని, కొని, భయ్యా ముందు పెట్టాను. ఇంగ్లీషులో గబగబా ఎవరో చెబుతూ పోతున్నారు, వెనక పెద్ద సంగీతం. భయ్యా కాసేపు చెవి రిక్కించి ఆడాడు. అతని మనిషి గోడకు తగిలి, మళ్లీ అదే గోడకు తగిలి, అట్లాగే నడుస్తూ ఉండిపోయాడు.

"గోడనేనా ఇంక?" అన్నాడు నవ్వుతూ.

"గోడనే భయ్యా."

"జర నువ్వాడు, నేనింట." కంట్రోలర్ నా ఒళ్లో పెట్టాడు.

నాకు అరవడానికి కూడా ఏమీ దొరకలేదు. ఎడమా కుడీ పైనా కిందా అంటే సరిపోయే లోకం కాదది.

ఈ మధ్య గుర్రం సినిమా రెండో భాగం వచ్చింది. భయ్యానే ఫోన్ చేశాడు. "సూద్దాం పా. ఎన్కటి కాపలావాని కొడుకు కథనంట," అన్నాడు. సూద్దాం అనే అంటాడు, ఎప్పుడూ. మేము మార్నింగ్ షోకు వెళ్లాం. సినిమా గురించి ఒక అభిమానిగా చెప్పాలంటే, నాకు నచ్చలేదు. మొదటి దాంట్లో ఒక్క గుర్రం, దాని కోసం మన ప్రాణం కొట్టుకునేది. ఇందులో వేల గుర్రాలున్నాయి, ఒక్కదానికీ చెమట లేదు. కోట కంప్యూటర్‌లో కట్టిందట. ఎంత ఎత్తుగా ఉందంటే ఎవరూ ఎక్కినట్టే అనిపించదు. మాటలు తక్కువ, పొగ, చీకటి, చెవులు పగిలే మోత. మొదటి దాంట్లో కాపలావాడు గుర్రంతో మాట్లాడుతూనే ఉండేవాడు, ఆ మాటలతోనే కథంతా తెలిసేది. ఇక్కడ ఒక్కో సీను మోత తప్ప ఏమీ వినపడకుండా సాగుతుంటే, నేను భయ్యా చెవి దగ్గర చెబుతూ పోయాను. కొడుకు కొండ ఎక్కుతాండు, కింద సైన్యం ఉన్నది, గుర్రం కాలు జారింది.

వెనక సీట్లోంచి ఒకతను వంగాడు. "అక్కా, జర సప్పుడు సేయకుండ్రి, మాకు ఇనపడ్తలేదు." అతనిదేం తప్పు లేదు, టికెట్టు కొనుక్కున్నాడు. నేను గొంతు తగ్గించాను, ఇంకా తగ్గించాను, మోతలో నా మాట నాకే వినపడలేదు. చివరికి భయ్యా నా చెయ్యి మీద తట్టాడు. "పోనీతియ్, సూడు నువ్వు," అన్నాడు. మిగతా సినిమా అంతా తెర వైపే మొహం పెట్టి కూర్చున్నాడు. ఆ వెలుగులు అతని మొహం మీద పడుతూ పోతూ ఉన్నాయి. నేను తెరను చూడలేదు.

బయటికి వచ్చాక ఎండలో నిలబడి ఆటో కోసం చూస్తున్నాం. భయ్యా నా మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"ఏమన్నగానీ, మొదటి దాంట్ల గుర్రమే గుర్రం," అన్నాడు. "నల్లగ, నూనె రాసినట్టు మెరుసుకుంట. నాకు ఇప్పటికి అట్లనే కనపడతది. కండ్లు మూసుకుంటే సాలు."

ఆ గుర్రం తెల్లది. ఆటో వస్తోందేమో అన్నట్టు రోడ్డు వైపు తిరిగాను. భయ్యాకు నా ఊపిరి కూడా తెలుస్తుంది.

"ఏంది, కాదా?"

తెర మీద ఏముందో అతనికి నేనెప్పుడూ తప్పు చెప్పలేదు. అవునని ఒక్క మాట అంటే పోయేది. అనడానికి నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే.

"తెల్లది భయ్యా."

నా మోచెయ్యి మీద భయ్యా పట్టు అట్లాగే ఉంది. "అట్లనా," అన్నాడు. ఒక ఆటో ఆగి, మేము కదలకపోయేసరికి వెళ్లిపోయింది. "సరేతియ్, ఇంక తెల్లగనే అనుకుంట," అన్నాడు.

అబ్బా దుకాణం ఉన్నచోట ఇప్పుడు బట్టల షాపు ఉంది. పరదా లేదు, టీవీలు లేవు, ఆ గేము పెట్టె ఎటు పోయిందో తెలియదు, రిపేరు చేయించుకునే టీవీలే ఇప్పుడు ఎవరి ఇళ్లలోనూ లేవు. అవన్నీ నేను చూడనప్పుడు, ఒక్కొక్కటిగా పోయాయి. ఇన్నేళ్లూ భయ్యా కళ్ల వెనక పరిగెత్తిన నల్ల గుర్రం మాత్రం, నేను పక్కనే నిలబడి ఉండగా, నా ఒక్క మాటతో పోయింది.