కొయ్యతో మాట్లాడిన బావగారు

మొన్న ఆటోనగర్‌లో మా అల్లుడి షెడ్డుకి వెళ్ళాను. ఒక క్రేను బండి బాగుచేసి పరీక్షించి చూస్తున్నారు. ఒకే ఒక్క మనిషి సీట్లో కూర్చుని, వక్కపొడి నములుతూ మీట లాగితే ఆ ఇనప చెయ్యి తాటిచెట్టంత ఎత్తుకు లేచింది. మళ్ళీ వదిలితే బుద్ధిగా పడుకుంది. “చూశారా అత్తయ్యా, ఒక్కడే” అన్నాడు అల్లుడు. “నేనూ ఒక్కదాన్నే ఎత్తేదాన్ని, మీట లేకుండా” అన్నాను. నవ్వి టీ తెప్పించాడు. పెద్దవాళ్ళు ఏదైనా చెప్పబోతే టీ తెప్పించడం ఇప్పటి మర్యాద. ఆ టీ పానకంలా ఉంది. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, ఒక్కో మాటా రాయడానికి చెయ్యి నొప్పెడుతుంది, కాబట్టి లేనిపోనివి కల్పించే ఓపిక నాకు లేదు.

తొంభైల మధ్యలో మాకు ఒక పడవ ఉండేది. వన్ టౌన్‌లో ఖాళీ గోనెసంచుల బేళ్ళు ఎక్కించుకుని కాలువ మీద కింది ఊళ్ళ రైసుమిల్లులకు చేర్చడం మా పని. అప్పటికే సరుకంతా లారీలకు మళ్ళింది. మా పడవ ఇంకా తిరుగుతోందంటే అది గోనెల వ్యాపారి సాయిబుగారి దయ. చలికాలపు ఉత్తరపు గాలికి తెరచాప ఎత్తితే పడవ హాయిగా సాగేది. పచ్చి జనపనార వాసన, గట్టున ఉడుకుతున్న వడ్ల వాసన, ఆ రెండూ కలిస్తే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. చిక్కల్లా వంతెనలతోనే. దారిలో ఏడు. ప్రతి వంతెన ముందూ తెరచాప కొయ్యను వెనక్కి పడుకోబెట్టాలి, దాటాక నిలబెట్టాలి. మా ఆయనా, ఒక కూలీమనిషీ కలిసి ఆ పని చేసేవాళ్ళు. నేను చుక్కాని పట్టుకునేదాన్ని.

ఒకరోజు మా ఆయన బేళ్ళ మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఏడాది మంచం దిగొద్దన్నారు డాక్టరుగారు. కూలీమనిషి వారం చూసి లారీ క్లీనరుగా పోయాడు. పడవలో సగం వాటా మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన ఎప్పుడో పడవ వదిలి కొండపల్లి వైపు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళిపోయారు. సైకిలు మీద వచ్చి తమ్ముడి మంచం పక్కన కూర్చున్నారు. “కలప కింద అమ్మేద్దాంరా. ఆడమనిషి ఒక్కతే కొయ్య ఎత్తలేదు” అన్నారు. పడవ పోతే మాకు మందులూ లేవు, ఇద్దరు ఆడపిల్లల బడీ లేదు. మా ఇళ్ళలో బావగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. అందుకని తలుపు వెనక నిలబడి, మా ఆయనతో గట్టిగా అన్నాను: “ఎత్తుతానని చెప్పండి మీ అన్నయ్యగారికి.”

మర్నాడు పొద్దున్నే ఆయన కాలువ గట్టున నిలబడి ఉన్నారు. నావైపు చూడలేదు. కొయ్య వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టారు. “ఏమే కొయ్యా, నిన్ను చేతుల్తో మోస్తే ఎవరి నడుమైనా విరుగుతుంది. గుంజకి తాడు రెండు చుట్లు వేసి బెత్తెడు బెత్తెడు వదిలితే నువ్వే ఒద్దికగా పడుకుంటావు.” నేనూ ఊరుకోలేదు. తెడ్డును పలకరించాను: “విన్నావా, నిన్న అమ్మేస్తామన్నవాళ్ళే ఇవాళ పాఠాలు చెబుతున్నారు.” నెల్లాళ్ళు అదే వరస. కొయ్య లేవడానికి రెండు వెదుళ్ళు కత్తెరలా కట్టి, వాటి మీదుగా తాడు లాగడం కూడా ఆయన కొయ్యకే నేర్పారు. చివరికి ఖాళీ పడవలో ఒక్కదాన్నే దించి, ఎత్తి చూపించాను.

సాయిబుగారు ఉన్నమాట చెప్పారు. “అమ్మా, కూలీ రాని రోజు నా బేళ్ళు గట్టున తడుస్తాయి. నువ్వు ఒక్కదానివే చేరిస్తే సీజను సరుకంతా నీకే. ఇంకొకరి చెయ్యి పడితే లారీకి వేసేస్తాను, ఏమనుకోకు.”

బేళ్ళతో బయల్దేరిన రోజు మొదటి వంతెన దగ్గరే నా తెలివి బయటపడింది. తాడు వదిలాను, కొయ్య సగం దాకా వంగి బేళ్ళ మీద ఆగిపోయింది. ఖాళీ పడవలో నేర్చుకున్నాను కదా. పదేళ్ళుగా కొయ్య బేళ్ళ మధ్య సందులో పడుకోవడం చూస్తూనే ఉన్నాను, ఆ సందు దానంతటదే ఉంటుందనుకున్నాను. మా ఆయన దగ్గరుండి వదిలించేవాడని అప్పుడు తెలిసింది. ఆ పొద్దున “సరుకు చూసి సర్దించుకో” అని మంచం మీంచి మా ఆయన అంటే “నాకు తెలీదా” అన్నాను కూడా. గడ గుచ్చి ఎలాగో పడవను గట్టుకు ఒత్తాను.

వంతెన మీద సాయిబుగారు స్కూటరు ఆపి చూస్తున్నారు. పక్కన బావగారు, సైకిలుతో. పనికి సెలవు పెట్టి గట్టంట వస్తున్నారని నాకు తెలీదు. ఇద్దరు కుర్రాళ్ళు పంచెలు ఎగ్గట్టి దిగబోయారు. “దిగారంటే కాళ్ళు విరగ్గొడతా” అన్నారు బావగారు. “అదేంటండీ, మీ తమ్ముడి భార్యే కదా?” అన్నారు సాయిబుగారు. “అందుకేనండీ.” ఒళ్ళు మండిపోయింది నాకు. ఓడిపోతే పడవ అమ్ముకోవచ్చని చూస్తున్నాడనుకున్నాను. అంతలో ఆయన వంతెన రెయిలింగు మీద అరచేత్తో తట్టి అన్నారు: “ఏమే వంతెనా, ఎంతసేపైనా నువ్వెక్కడికీ పోవుగా.”

ఆ మాట నాకే. నిజమే, తొందరేముంది. కొయ్యను మళ్ళీ నిలబెట్టి కట్టేసి, మధ్య వరస బేళ్ళు ఒక్కొక్కటే దొర్లించి ముందుకు కొన్ని, వెనక్కి కొన్ని పేర్చాను. జనం వచ్చారు, పోయారు. ఒకావిడ “మొగుడు లేడా నీకు?” అనడిగింది. “ఉన్నాడు, పడుకున్నాడు” అన్నాను. నడిమధ్యాహ్నానికి సందు తేలింది. రెండు చుట్లు వేసి వదిలాను. కొయ్య చడీచప్పుడు లేకుండా పడుకుంది. వంతెన కింద నుంచి అవతలికి వచ్చి మళ్ళీ ఎత్తాను. మిగతా ఆరూ చీకటి పడకముందే దాటాను.

“సోమవారం రా అమ్మా,” అన్నారు సాయిబుగారు మిల్లు దగ్గర, “బేళ్ళు మాత్రం దగ్గరుండి పేర్పించుకో.” బావగారు అప్పటికే సైకిలు తిప్పేశారు. ఆ రోజు ఆయన ఒక్క చెయ్యి వేయనిచ్చి ఉంటే నాకు పని తేలికయ్యేది, బతుకు పోయేది.

పడవ ఇంకో ఆరేళ్ళు తిరిగింది. ఆ ఆరేళ్ళలో మా ఆయన కర్ర పట్టుకుని నడిచాడు, తర్వాత కర్ర పారేసి నడిచాడు. పిల్లలిద్దరూ పదో తరగతి దాటారు. రెండువేల సంవత్సరం దాటాక మిల్లులు ప్లాస్టిక్ సంచులకు మారాయి, పడవ కలప కిందే పోయింది. బావగారు ఏడ్చారు, నేను ఏడవలేదు. కాలం ఎవరి పడవనూ ఉంచదు. మా అవసరం తీరేదాకా ఆగి తీసుకుపోయింది, ఆ ఆగినందుకు దానికి నా దణ్ణం.