ముసలాడి తిండి

మా ఇంట్లో మొదట రిటైరైంది నేను కాదు, నా కుక్క. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి రిటైర్మెంట్లు నాకు కొత్త కాదు. ఒక శాలువా, రెండు సమోసాలు, మొన్ననే బదిలీ మీద వచ్చిన పైఅధికారి 'వీరు లేని లోటు తీరనిది' అంటూ చేసే ప్రసంగం. వాడికి అవేమీ జరగలేదు. ఒక సోమవారం పొద్దున్న వాడి ఒంటికి కట్టే హార్నెస్‌ను తీసి ఇంకో కుక్కకు తొడిగాను. కార్యక్రమం ముగిసింది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. తొమ్మిదేళ్ళపాటు ఢిల్లీ జనక్‌పురిలోని మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డు మూల దాకా, అక్కడ ఆఫీసు వ్యాను ఎక్కి అశోకా రోడ్‌లో దిగాక నా కుర్చీ దాకా, నన్ను నడిపించింది ఆ లాబ్రడారే. ఫుట్‌పాత్ మీద పెట్టిన కార్లు, ఎదురొచ్చే ఈ-రిక్షాలు, మూత లేని మ్యాన్‌హోళ్ళు, 'అరే, కుత్తా!' అని గంతేసే జనం, అన్నిటినీ తప్పించేవాడు. మా మధ్య ఒప్పందం చిన్నది: ఇద్దరిలో ఒకరికి చూపుండాలి. కిందటి చలికాలంలో వాడి కళ్ళకు పొర కమ్మింది, తుంటి పట్టేసింది. ఒక రోజు నన్ను తీసుకెళ్ళి ఆగి ఉన్న టెంపోకు గుద్దించాడు. తనూ గుద్దుకున్నాడు. నేను నుదురు తడుముకుంటుంటే రెండో చెయ్యి నాకుతూ నిలబడ్డాడు. ఒప్పందం రద్దయిందని ఇద్దరికీ అర్థమైంది.

కొత్తది ఆడపిల్ల. మనిషైతే కాలేజీలో చేరే వయసు. దాన్ని తీసుకొచ్చిన ట్రైనర్, తొమ్మిదేళ్ళ కిందట మా ముసలాణ్ణి ఇచ్చిన మనిషే. హర్యానా ఆయన. మా సోఫాలో మావారి పక్కన కూర్చుని టీ తాగుతూ షరతులు చెప్పాడు.

"మేడమ్‌జీ, రూలు మీకు తెలిసిందే. హార్నెస్ పట్టే చెయ్యే తిండి పెట్టాలి. ఇక ముసలాయన్ని మీరు పిలవకూడదు, ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు. సర్‌జీ చూసుకుంటారు. కొన్ని నెలలు, బస్, అంతే."

"ఇద్దరికీ నేనే పెడితే?"

"అప్పుడు పిల్ల మిమ్మల్ని తన మనిషి అనుకోదు. తనది కాని మనిషి కోసం ఏ కుక్కయినా రోడ్డు మీద తల బద్దలు కొట్టుకుంటుందా, మీరే చెప్పండి."

ఆయన మాట విన్నాను. విని, ఆఫీసులో సలహాలను ఏం చేస్తామో అదే చేశాను, పక్కన పెట్టాను. మొదటి వారం ఇద్దరికీ నేనే పెట్టాను. పొద్దున్నే హార్నెస్ బకిల్ చప్పుడు వినగానే ముసలాడు మూలుగుతూ లేచి వచ్చి, అలవాటుగా తల దూర్చేవాడు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసి చోటిచ్చేది. మర్యాదస్తురాలు. ఖాళీ లేని పోస్టులో చేరనంది. వీధిలోకి వెళ్ళాక కూడా తల ఇంటివైపే తిప్పి నడిచేది. వారం చివర్లో మార్కెట్ దగ్గర నిలిపి ఉన్న స్కూటర్ పక్కనుంచి తను మాత్రం హాయిగా వెళ్ళిపోయింది. స్కూటర్ హ్యాండిల్ నా పక్కటెముకల్లో దిగింది.

ట్రైనర్ ఫోన్‌లో మెత్తగా చెప్పాడు. ఇలాగే సాగితే పిల్లను వెనక్కి తీసుకెళ్ళాల్సి వస్తుంది, ఇంకో కుక్క ఎప్పుడు తయారవుతుందో చెప్పలేను అని. అంటే నేను మళ్ళీ కర్ర పట్టుకోవాలి, లేదా మావారి మోచెయ్యి పట్టుకోవాలి. రెండింటి మీదా నాకు గౌరవముంది. కానీ కర్ర ఢిల్లీ ఫుట్‌పాత్‌ను చూసి భయపడుతుంది. మావారు ఆయన ఆఫీసుకు ఆయన వెళ్ళాలి. ఆ సాయంత్రం నుంచి ముసలాడి గిన్నె మావారి చేతికి వెళ్ళింది.

ముసలాడు తినడం మానేశాడు.

లాబ్రడార్ తిండి మానడమంటే ఏమిటో ఆ జాతిని పెంచినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వీడు వచ్చిన కొత్తలో మా అమ్మాయి రబ్బరు చెప్పు తిని, రెండోది ఎక్కడుందని వెతికినవాడు.

"తిను నాన్నా, తిను. పెరుగన్నం రా. మీ అమ్మే కలిపింది." వంటింట్లో మావారు బతిమాలుతున్నారు.

"నేను కలపలేదు కదండీ," అన్నాను పక్క గది నుంచి.

"నువ్వు మాట్లాడకు! వాడు నీ గొంతు విని ఇటే తిరిగాడు."

పెరుగన్నం తర్వాత ఉడికించిన కోడి వచ్చింది. మా ఇంట్లో కోడి వండరు. మావారు ముక్కుకు రుమాలు కట్టుకుని వండారు. దాన్నీ వాడు వాసన చూసి, గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని ఎదురుచూశాడు. ఎదురుచూడ్డమే వాడికి నేర్పింది. గిన్నె పెట్టాక నేను 'తిను' అంటేనే తినాలి. ఆ మాట ఎంతమంది ఎన్ని రకాలుగా అన్నా వాడికి లెక్కలేదు.

పశువుల డాక్టర్ వచ్చి పొట్ట నొక్కి, నోరు తెరిచి, కాలికి సెలైన్ పెట్టారు. రోగమేమీ కనబడలేదన్నారు. "కానీ ఈ వయసులో ఇలా ఖాళీ కడుపుతో ఉంటే కిడ్నీలు తట్టుకోవు మేడమ్. ఏం చేసినా తొందరగా చెయ్యండి." సూది గుచ్చుతున్నప్పుడు వాడు కుయ్యిమనలేదు. నేను పిల్లను పట్టుకుని గుమ్మం అవతల నిలబడ్డాను. నేనున్నవైపు వాడి తోక నేలకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

మళ్ళీ ట్రైనర్‌కే ఫోన్ చేశాం. ఈసారి ఆయనకే ఆశ్చర్యం.

"సర్‌జీ అప్పుడప్పుడూ ఒక రోటీ ముక్క వేసేవారు కదా?"

"లేదు."

"బేబీ? ఓ బిస్కెట్టు?"

"లేదు. మీరే వద్దన్నారు."

"మేడమ్‌జీ, రూలు చెప్పడం నా పని. కానీ ఏ ఇంట్లోనూ ఇంతగా పాటించరు. వంటింట్లో అందరూ దొంగతనంగా ఏదో ఒకటి పడేస్తూనే ఉంటారు. అందుకే కుక్కలు ముసలితనంలో ఇంకో చేతిని ఒప్పుకుంటాయి. తొమ్మిదేళ్ళలో మీ ఇంట్లో ఒక్కరు కూడా...?"

ఒక్కరు కూడా లేరు. నాది సెక్రటేరియట్, మావారిది ఆడిట్. ఆదేశం వచ్చిందంటే అమలు చేసే ఇల్లు మాది. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు వాడికి బిస్కెట్టు ఇవ్వబోతే, వాడు మొహం తిప్పుకున్నాడని ఏడ్చింది. అప్పుడు మేమిద్దరం దాన్ని ఓదార్చి, కుక్కను మెచ్చుకున్నాం.

ఆ అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. "మమ్మా, ఆప్ కీ ఆవాజ్ రికార్డ్ కర్ లేతే హై," అంది. నా చేత ఫోన్‌లో 'తిను' అనిపించి, గిన్నె పక్కన పెట్టి మోగించింది. గిన్నె కదిలిన చప్పుడు వచ్చింది. గెలిచామనుకున్నాను. తర్వాత నా గది తలుపు మీద గోళ్ళు గీరుకోవడం మొదలైంది. వాడు ఫోన్ వెనకా, తర్వాత ఫ్రిజ్ వెనకా వెతికి, మిగిలిన చోటికి వచ్చాడు. నేను తలుపుకు ఇవతల, పిల్ల మెడ మీద చెయ్యేసి కూర్చున్నాను. గీరడం ఆగేదాకా నేను మాట్లాడలేదు.

ఆ మర్నాడు మావారు ఉతకాల్సిన బట్టల బుట్టలోంచి నా చున్నీ తీసుకున్నారు. ఆఫీసుకు వేసుకెళ్ళి, చెమటతో, మెట్రో పని దుమ్ముతో ఉన్నది.

"ఏం చేస్తున్నారు?"

"మెడకు చుట్టుకుంటున్నా. నవ్వావంటే ఊరుకోను."

"నాకేం కనబడుతుందండీ నవ్వడానికి."

"పాపా దుల్హన్ లగ్ రహే హై," అంది మా అమ్మాయి, నాన్న పెళ్ళికూతురిలా ఉన్నారని వార్తలు చదివినట్టు.

ఆయన గిన్నె ముందు కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చేత్తో ముద్ద అందించారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తడి చప్పుడు వినబడింది. నెమ్మదిగా, అనుమానంగా, ఒక ముద్ద. ఇంకొకటి. మా అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. మావారు ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటున్నారు, మారువేషం బయటపడుతుందేమోనని.

వాడు మోసపోయాడని మేం అనుకున్నాం. వాడి కళ్ళకు పొర ఉంది కానీ ముక్కుకు లేదు. మావారి చేతి వాసన చున్నీ వాసన కింద ఎక్కడికి పోతుంది? ఎదురుగా ఉన్నది నేను కాదని వాడికి తెలిసే ఉంటుంది. దొరికినంతతో సర్దుకున్నాడు.

ట్రైనర్ సలహా మీద చున్నీని మెల్లమెల్లగా తగ్గించాం. మొదట మెడలో, తర్వాత ఒళ్ళో, ఆ తర్వాత ఒకసారి నీళ్ళలో జాడించి. పిల్లకు నేను నా గదిలో తలుపేసుకుని పెట్టేదాన్ని. అది తింటూ మధ్యలో ఆగి నా మోకాలికి మూతి ఆనించడం మొదలుపెట్టింది. వీధిలో తల ముందుకే ఉండేది. ఒక పొద్దున్న అడ్డంగా తిరిగి, తన ఒళ్ళంతా నా కాళ్ళకు ఆనించి నన్ను ఆపేసింది. ముందు తవ్విన గొయ్యి ఉందని వెనక నుంచి ఎవరో 'దీదీ, రుకో!' అని అరిచాక తెలిసింది. అప్పటికే ఆగి ఉన్నాను. నా మనసు నిండాల్సింది. కానీ వ్యానులో కూర్చున్నాక, ముసలాడు ఇవాళ ఎంత తిన్నాడని ఇంటికి ఫోన్ చేశాను.

"పూర్తిగా," అన్నారు మావారు. గొంతులో గర్వం దాచుకోలేకపోయారు. "చున్నీ లేదు. ఏమీ లేదు. నా చేత్తో. నేను 'తిను' అంటే తిన్నాడు."

"మంచిది," అన్నాను.

"అంతేనా?"

"చాలా మంచిది."

చలి వెళ్ళాక ట్రైనర్ వచ్చి పిల్ల నడక చూసి, పాసైందన్నాడు. ఇక ముసలాయన్ని ముట్టుకోవచ్చు మేడమ్‌జీ, ప్రమాదం లేదు అన్నాడు. ఆయన వెళ్ళాక నేల మీద కూర్చుని పిలిచాను. ఇన్ని నెలల్లో వాడి పేరు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. వాడు వచ్చాడు. గోళ్ళ చప్పుడులో తొందర లేదు. తల నా చేతి కింద పెట్టాడు. చెవుల వెనక వెంట్రుకలు పలచబడ్డాయి, వెన్నెముక వేళ్ళకు తగులుతోంది. వేళ్ళు రెండుసార్లు నాకాడు, ఇంటికి వచ్చిన చుట్టాలను పలకరించినట్టు.

వంటింట్లో మావారు స్టవ్ వెలిగించారు. వాడు నా చేతి కిందనుంచి తల తీసుకుని, తుంటి సర్దుకుని లేచి, అటు వెళ్ళిపోయాడు.

"వచ్చావా రా దొంగా," అంటున్నారు మావారు. "ఆగు, చల్లారనీ."

నా వెనక పిల్ల ఒకసారి తోకతో నేలను కొట్టింది. దాని తిండి వేళ దాటిపోతోంది. లేచి చెయ్యి కడుక్కున్నాను.