విప్పకూడని కట్టు

మొన్న సోమవారం రాజమండ్రిలో మా వీధి చివరి క్లినిక్కుకి వెళితే, అక్కడి నర్సమ్మాయి నా చీలమండ పైన ఉన్న పుండు కడిగి, వెండి కలిపిన మందు పట్టీ ఒకటి కొలతకు కత్తిరించి పరిచి, దాని మీద దూది పెట్టి, ఆపైన బిగువుగా కట్టు చుట్టి, "వచ్చే సోమవారం దాకా విప్పకండమ్మా, ఎవరొచ్చి అడిగినా సరే" అంది. ఎవరొచ్చి అడిగినా అన్న మాటకి నవ్వొచ్చింది. ఎవరొస్తారు గనక! ఈ పుండుకి మూలమైన కాళ్ళ మీది ఉబ్బు నరాలు మా నాన్న నుంచి వచ్చినవే. పొలమూ పుట్రా రాలేదు గానీ ఇవి మాత్రం కచ్చితంగా నా వాటాకొచ్చాయి.

నాన్న నరసాపురం రేవులో పంటు మీద పని చేసేవాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ దాటించే పంటు మీద పొద్దస్తమానం నిలబడి, రేవుకి ఆనగానే నీళ్ళలోకి దిగి తాడు కట్టి, ఆ తడి కాళ్ళతోనే మళ్ళీ పైకెక్కి, ఏళ్ళ తరబడి అలాగే గడిపితే నరాలు ఉబ్బి చర్మం నల్లబడిపోయింది. ఒకసారి ఇనప రేకు గీసుకుంటే చిన్న గాయమేలే అనుకున్నాం. షుగరు కూడా ఉండటంతో అది మానలేదు సరికదా, అరచేయంత పుండై, ఆకుపచ్చ చీము పట్టి, నేను అప్పుడే కొత్తగా చేరిన లేసు అల్లికల గోడౌను నుంచి సాయంత్రం ఇంటికొస్తుంటే గుమ్మం దాకా వాసన ఎదురొచ్చేది. కాకినాడ తీసుకెళితే అక్కడి డాక్టరుగారు అప్పట్లో కొత్తగా వస్తున్న ఈ వెండి పట్టీ వేసి, మళ్ళీ తానే విప్పుతానని, అందాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పంపించారు.

చెప్తే మాత్రం వినేవాళ్ళమా! మీకూ గుర్తుండే ఉంటుంది, మన వైపు పరామర్శకి రావడమంటే గుమ్మంలో కుశలం అడిగి పోవడం కాదు, పుండు కళ్ళారా చూడాలి. చూడకుండా వెళితే వచ్చినవాళ్ళకి వచ్చినట్టుండదు, చూపించకపోతే మనకి మర్యాద కాదు. రేవులో తోటి పనివాళ్ళొస్తే విప్పాం, మావయ్యలొస్తే విప్పాం, పక్కింటావిడ అందరికంటే వెనకొచ్చి తనకొక్కదానికే చూపించలేదని మూతి ముడుచుకుంటే ఆవిడ కోసమూ విప్పాం. విప్పిన పట్టీనే మళ్ళీ అంటించి, మేమేదో జాగ్రత్తగా ఉన్నట్టు కాకినాడ వెళ్ళాం. డాక్టరుగారు చూసి మండిపడ్డారు. "ఇదేమన్నా బొమ్మల కొలువాండీ, వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి?" అని అరిచి, కొత్త పట్టీ వేసి, శుక్రవారం తాను విప్పేటప్పటికి చీము తగ్గితే సరే, లేదంటే మోకాలి కింద తీసెయ్యడమేనని, ప్రాణం కావాలంటే అంతకన్నా దారి లేదని ఖండితంగా చెప్పేశారు. బస్సులో నాన్న కిటికీ వైపే చూస్తూ కూచున్నాడు. కాలు లేకుండా పంటు ఎక్కలేడు, పంటు లేకుండా బతకడం ఆయనకి తెలీదు.

బుధవారం మా పెద్దత్త వచ్చింది. నాన్నకి అక్క, తల్లి చిన్నప్పుడే పోతే ఆవిడే తల్లయి పెంచింది. గోదావరి అవతల ఊరినుంచి, ఎండలో, బుట్టలో నాటుకోడి గుడ్లూ, సీసాలో ఎవరో ఇచ్చిన ఆకు పసరూ పట్టుకుని వచ్చి, చెమట తుడుచుకోకుండానే కట్టు విప్పమంది. డాక్టరు వద్దన్నాడని నాన్న నసిగాడు. "నాకు చూపించవేంట్రా? నేను పరాయిదాన్నా?" అంది. అంతే, నాన్న వంగి ముడి వెతకడం మొదలెట్టాడు. పెద్దదాన్ని కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, మా అమ్మకి అసలే లేదు. పెళ్ళైన నాటినుంచీ ఆడపడుచు ఎదుట గట్టిగా దగ్గను కూడా దగ్గని మనిషి.

ఆ అమ్మ వంటింట్లోంచి వచ్చి, నేల మీద చతికిలబడి, నాన్న కాలిని రెండు చేతులతో వాటేసుకుంది. "విప్పనివ్వనండి వదినగారూ. కాలు పోతే మీరు తెచ్చిస్తారేంటండి?" అంది.

అత్త ముఖం నల్లబడింది. కాఫీ గ్లాసు ముట్టలేదు, పసరు సీసా కొంగులో పెట్టుకుని, గుడ్లు అరుగు మీదే వదిలేసి రేవు వైపు నడిచిపోయింది. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి, ఆ రోజు అమ్మతో మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. లోపల ఏమవుతోందో ఎవరికి తెలుసు? కట్టు కింద పుండు కుళ్ళిపోతుంటే? రేపు కాలు తీసేస్తే, అత్త తెచ్చిన పసరు వెయ్యనివ్వకపోవడం వల్లే పోయిందని ఊరూ ఏరూ అమ్మనే అంటాయి. నేను మంచం దగ్గరికెళ్ళినప్పుడల్లా వాసన తగ్గిందా పెరిగిందా అని దొంగచాటుగా ముక్కు పెట్టేదాన్ని, ఏదీ తేల్చుకోలేక ఏడుపొచ్చేది.

శుక్రవారం కాకినాడలో డాక్టరుగారు కట్టు విప్పుతుంటే అమ్మ లోపలికి రానంది, బయట బల్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది. నేనే చూశాను. పట్టీ నల్లగా మారింది గానీ, దాని కింద పచ్చటి చీము లేదు. అంచుల్లో లేత ఎరుపు మాంసం కనిపించింది. "కాలు ఉంటుందండి" అన్నారాయన. నేను బయటికి పరుగెత్తి అమ్మతో చెబితే, ఆవిడ అంతమందిలో భోరుమంది.

పుండు పూర్తిగా మానడానికి చాలాకాలం పట్టింది. మానిన తరవాత నాన్న చేసిన మొదటి పని, అమ్మని వెంటబెట్టుకుని పంటెక్కి ఆ ఒడ్డున దిగి, ఆటో ఎక్కకుండా అత్త ఇంటిదాకా నడిచి వెళ్ళడం. నేనూ వెనకే ఉన్నాను. వాకిట్లో నిలబడి పంచె పైకెత్తి, "ఇప్పుడు చూసుకోవే అక్కా, నీ ఇష్టం వచ్చినంతసేపు" అన్నాడు. అత్త వంగి మచ్చ మీద చెయ్యి వేసి నిమిరి నిమిరి ఏడ్చింది. తరవాత లేచి అమ్మకేసి చూసి, "నోరు లేదనుకున్నానే నీకు!" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు నా కాలిని స్టూలు మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. చుట్టాలు ఫోన్లో ఫోటో పెట్టమన్నారు, కట్టు కట్టకముందు నర్సమ్మాయి తీసినదే పెట్టాను, దండాల బొమ్మలు వచ్చాయి. కట్టు సోమవారం దాకా భద్రంగానే ఉంటుంది, విప్పమని పట్టుబట్టే మనిషి లేదు, అడ్డుపడి వాటేసుకోవాల్సిన పనీ లేదు. మంచిదే. పుండు మానుతుందనే అంటున్నారు. మానాక, ఏరు దాటి నడిచి వెళ్ళి మచ్చ చూపించి రావడానికి మాత్రం, ఆ ఒడ్డున నాకెవరూ మిగల్లేదు.