మంగళవారం పేజీ

రాసుకో హర్షీ, మధ్యలో దిద్దకు. దయ్యాలని చూశామంటూ వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి పంపడమే తప్ప, ఒక్క ముక్కా నమ్మినదాన్ని కాదు నేను. ఇప్పటికీ దీన్ని దయ్యమనను. ఏమనాలో తెలీదు.

మొన్న ఎండాకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రాయింగ్ క్లాసులో చేరాను కదా. కోచింగ్ సెంటర్ల మధ్య మేడ మీద గది. అందరూ ఇరవై ఏళ్ల వాళ్లు, నేనొక్కదాన్నే మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేదాన్ని. రోజుకో బొమ్మ వేయాలి, అదీ ఎదురుగా చూసి వేయాలి, కింద ఏ రోజో రాయాలి అన్నారు సారు. రబ్బరు వాడకూడదు, పేజీ చింపకూడదు.

రెండో వారం బద్ధకించాను. శనివారం వంటయ్యాక కూర్చుని ఏడు బొమ్మలూ బుర్రలోంచి గీసి, వారాల పేర్లు రాసేశాను. కుక్కరు, కాఫీ గ్లాసు, నీ స్కూలు బ్యాగు. మంగళవారానికి ఆకుకూరల యాదమ్మ మన మెట్ల మీద కూర్చున్నట్టు వేశాను.

ఆమే ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఆ మంగళవారం మధ్యాహ్నం కింద నుంచి, "అమ్మా, జర మంచినీళ్లియ్యవా" అని రెండుసార్లు పిలిచింది. మనది రెండో అంతస్తు. టీవీలో సీరియల్ వస్తోంది. ఇంట్లో లేనట్టే ఊరుకున్నాను. బాల్కనీలోకి కూడా వెళ్లలేదు.

బొమ్మలో ఎడమ పాదం వంకరపోయింది. రబ్బరు వాడకూడదు కదా, దాని మీద గీతలు చుట్టేశాను. ఒక చెప్పు బుట్టలో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడూ తెలీదు.

ఆదివారం సారు ఆ పేజీ ఎత్తి అందరికీ చూపించారు. "మిగతావి ఎలా ఉన్నా, ఇది మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని వేసింది" అన్నారు. నేను తలూపాను. ఎల్బీనగర్ దాటేదాకా బస్సులో ఆ మాటే తలచుకుని మురిసిపోయాను.

సోమవారం యాదమ్మ కూతురు సుజాత వచ్చింది. ఆ మంగళవారం సాయంత్రం ఇంటికెళ్లి పడుకున్న యాదమ్మ మళ్లీ లేవలేదట. నువ్వు పాపం, "మా బామ్మ మంగళవారమే మీ అమ్మ బొమ్మ వేసింది" అంటూ పుస్తకం తెచ్చిచ్చావు.

సుజాత బొమ్మలో కాలి మీది గీతల దగ్గర వేలు పెట్టింది.

"గా పొద్దుగాల కాలికి సీసపెంక గుచ్చుకుంటే పాతచీర పేలిక కట్టిన. చెప్పు తెగితే బుట్టల ఏసుకొని పోయింది. అంతా మంచిగ గీసినవ్ అమ్మా. నువ్వు ముంగట కూసున్నవంటే, మా అమ్మ గా దినం ఒంటిగ లేదన్నట్టు." కళ్లు తుడుచుకుని అడిగింది. "నీళ్లన్న తాగిందా?"

"తాగింది" అన్నాను.

ఆ పేజీ చింపి ఇచ్చేశాను. వాళ్లింట్లో యాదమ్మ ఫొటో పక్కన పెట్టుకున్నారట.

నేను చూడని కాలు నా చేతికెలా తెలిసిందో, ఎంత ఆలోచించినా అంతుపట్టదు. కిందికి దిగి ఉంటే ఏం చూసేదాన్నో, అదే వేశాను.

ఇప్పుడు ఆకుకూరలు సుజాతే తెస్తోంది. రేపు వచ్చినప్పుడు ఇదంతా నువ్వే చదివి వినిపించు హర్షీ. నేను చదివితే నీళ్ల దగ్గర మళ్లీ అబద్ధమాడేస్తాను.