కాపరికి పెట్టే ముద్ద

మా పాత అయ్యగారు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాక, సంఘ కాపరిగా కొత్త అయ్యగారు వచ్చారు. సముద్రం వైపు మనిషి, పెళ్ళి కాలేదు, మందిరం పక్క గదిలో ఒక్కరే ఉండేవారు.

మా ఊరు కంభానికీ గిద్దలూరుకూ నడుమ. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒక ఇంటివాళ్ళు అయ్యగారిని భోజనానికి పిలుచుకుపోవడం మా సంఘంలో ముందునుంచీ ఉన్నదే. పాతాయన కోసం పోటీ పడేవాళ్ళు. కొత్తాయన వచ్చాక అందరూ చెప్పులు వేసుకుని తలలు వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నేనే పిలిచేదాన్ని. ప్రేమ పొంగి కాదు. మంచం పట్టిన అత్త, ఆమె పక్కబట్టలు, బర్రెలు, ఇన్నిటి మధ్య ఇంకొకరికి వండడం నాకు భారమే. అయినా ఇంట్లో బియ్యం ఉన్నాయి, చేతుల్లో ఇంకా కాస్త సత్తువ ఉంది. అందుకు స్తోత్రం చెప్పుకుంటూ పొయ్యి వెలిగించేదాన్ని.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఆయన ఇరవైమూడో కీర్తన మీద వాక్యం చెప్పారు. కాపరి గొర్రెల్ని పచ్చికలో వదిలి, తాను చెట్టు నీడన హాయిగా కూర్చుంటాడన్నారు. వింటున్నవాళ్ళలో సగంమందికి గొర్రెలున్నాయి. ఆ రోజుల్లో మా వైపు పచ్చిక ఎక్కడ? దోటితో తుమ్మకాయలు రాల్చి మేపాలి. బయటికొచ్చాక సంఘపెద్ద, నాకు మామ వరస, అందరికీ వినపడేటట్టు అన్నాడు:

"ఈయన గొర్రెను ఫోన్లో చూసినట్టుండాడు. కాపరి నీడన కూసుంటాడంట! ఆ ఉద్యోగమేందో నాగ్గూడా ఇప్పిచ్చమను."

అందరూ నవ్వారు. అయ్యగారూ విన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నారు.

"అక్కా, రేపు మన సంఘాలన్నిటినీ చూసుకునే పెద్దయ్యగారికి ఫోన్ చేసి నన్ను వేరే చోటికి మార్చమంటానండి. వీళ్ళకి నేను కాపరిని కాలేను."

నాకు ఓదార్చే ఓపిక లేదు. "ముందు తినండి అయ్యగారూ, చారు చల్లారిపోతాంది," అన్నాను. "ఫోను వచ్చే వారం చేసుకోవచ్చు."

గిన్నెలు తోముతుంటే మా నాయన గుర్తొచ్చాడు. నేను బడికి పోలేదు. అమ్మ బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పింది, తక్కినది నాయన మంద దగ్గర నేర్చుకున్నాను. తల్లి చచ్చిన పిల్లను వేరే గొర్రె దగ్గరికి వదిలితే కుమ్మి తరుముతుంది. నాయన దాని తల పట్టుకునేవాడు, నేను వెనక కాలు పట్టుకునేదాన్ని, పిల్ల తాగేది. పొద్దునా సాయంత్రం ఇదే పని. చేతులు గుంజేవి. "ఎన్నాళ్ళు నాయనా?" అంటే, "అది ఒప్పుకునేదాకా తల్లీ," అనేవాడు.

కాపరి అంటే మేపేవాడని ఇన్నాళ్ళూ విన్నాను. అయ్యగారికి కూడా ముందు మందలోని గొర్రెలే పాలివ్వాలని ఆ రోజు తోచింది. కుమ్మే గొర్రెను తిట్టి లాభం లేదు, పట్టుకోవాలి.

సాయంత్రం మామ ఇంటికి పోయాను.

"వచ్చే ఆదివారం అయ్యగారికి మీ ఇంట్లో అన్నం, మామా."

"ఏంది, నువ్వు పెడతాండావు గదా?"

"అత్తను లేపీ పడుకోబెట్టీ నా నడుము పోయింది. సంఘపెద్దవు, ఒక్క పూట పెట్టలేవా?"

"ఆయనకు మన కారం పడదు."

"పడకపోతే నీళ్ళు తాగుతాడు. అట్లనే గొర్రెల కాడికి పిల్చుకపో. నీడ ఏడుందో చూపిచ్చు."

మామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీ నోటికి దండం. రమ్మను."

అయ్యగారు వెళ్ళారు, ఎండకు ముఖం కమిలి తిరిగొచ్చారు. ఫోన్ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ప్రతి వారం ఎవరో ఒకరి గడప తొక్కి అడగాల్సి వచ్చేది. సాకులు చెప్పేవాళ్ళు. విసుగొచ్చేది. మోకరిస్తే ప్రార్థనలోనే కునుకు పట్టేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం అత్తకు ఆయాసం ఎక్కువైంది. మందిరానికి పోలేదు, ఆ వారం ఎవరినీ అడగనూ లేదు. అయ్యగారికీ కలిపి వండి ఎదురుచూశాను. రాలేదు. పస్తున్నారేమోనని మనసు పీకుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా మామా, ఆయనా కలిసి వచ్చారు. ఇద్దరూ చెరోవైపు పట్టి అత్తను పక్కకు తిప్పారు. అయ్యగారు ప్రార్థన చేశారు. నేను కంచం తీస్తుంటే మామ ఆపాడు.

"మా అయ్యగారు మా ఇంట్లోనే తిన్న్యాడు లే. పక్కింటోళ్ళు పిల్చుకపోతామని వస్తే, నేనే పంపలా."

వాళ్ళు వెళ్ళాక మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టాను. ప్రభువుకు స్తోత్రం చెప్పి, అత్త మంచం పక్కనే నడుము వాల్చాను.