బాపు పెట్టని గ్రీజు

మా చిన్నప్పుడు... సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక గల్లీలో ఉండేవాళ్లం. తెల్లారితే నాలుగు దిక్కులా పవర్‌లూమ్‌ల టకటకే. మా బాపు, అంటే మా నాన్న, ఆ మగ్గాలు బాగుచేసే జాబర్. మగ్గం ఆగిందంటే సేట్లే సైకిలెక్కి మా గుమ్మం ముందుకొచ్చేవాళ్లు. పాపం, పొద్దున చాయ్ సగం తాగకుండానే పిలుపు వచ్చేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి ఎవరో పాత టెలిస్కోప్ ఇచ్చారు. గొట్టం బాగానే ఉంది... దాన్ని మోసి అటూ ఇటూ తిప్పే ఇనుప భాగం ఉంటుంది కదా, మౌంట్ అంటారు, అదే మొరాయించింది. చలి పడితే చాలు, పిడి తిప్పినా కదిలేది కాదు. మా సైన్సు సార్ తల పట్టుకుంటే, మా బాపు బాగుచేస్తాడని నేనే చెయ్యెత్తి చెప్పాను. గొప్పలకు పోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

సార్ దాన్ని గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు. గ్రీజు బాగా పట్టించమని మరాఠీలో మరీ మరీ చెప్పాడు.

ఆదివారం బాపు వాకిట్లో చాప పరిచి మౌంట్ విప్పాడు. తీసిన మరలు తీసిన వరుసలోనే పేర్చాడు. లోపల పాత గ్రీజు ఎండిన చింతపండులా ఉంది. కిరసనాయిల్లో బ్రష్ ముంచి పళ్ల చక్రాల సందుసందునా తోమాడు. మగ్గాల కింద రాలిన నూలు పోగులతో తుడిచి ఎండలో పెట్టాడు. పక్కన బీడీలు చుడుతున్న అమ్మను కూడా వదల్లేదు... "నీ తంబాకు దుమ్ము ఇటు రానియ్యకు" అని కసిరాడు. ఆ తర్వాత నీళ్లలా పల్చగా ఉండే స్పిండిల్ ఆయిల్ తీసి, అగ్గిపుల్ల కొనతో చుక్క చుక్క పెట్టాడు. అంతే!

"గింతేనా బాపు? సార్ గ్రీజు బాగ పెట్టుమన్నడు."

"సలికి గ్రీజు గట్టిపడ్తది బిడ్డా. దీనికి పల్చటి నూనెనే కావాలె, అది గూడ జర్రంత."

బిగించి పిడిని ఒక్క వేలితో తోశాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. మా ఇళ్లల్లో దసరాకి మగ్గాలకు పూజ చేస్తారు. ముందురోజు చక్రాలన్నిటికీ నల్లగా నిగనిగలాడేట్టు గ్రీజు పూయడం పిల్లల పని. అట్లా పూస్తేనే మగ్గానికి కళ అని మా లెక్క. మరి మా ఇంట్లోంచి ఒక యంత్రం ఇంత బోసిగా బయటికి పోతే సార్ ఏమనుకుంటాడు? గ్రీజు కూడా లేని ఇల్లనుకోడూ? సోమవారం బాపు పనికి పోగానే గ్రీజు డబ్బా దించి, మౌంట్ మూత విప్పి, వేలితో తోడి తోడి చక్రాల నిండా పూశాను. మధ్యాహ్నం ఎండకు బళ్లో అది బాగానే తిరిగింది. సార్ నిగనిగ చూసి మురిసిపోయాడు... నేను ఇంకా మురిసిపోయాను.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున శని చుట్టూ ఉండే వలయం చూపిస్తామని అందరినీ బడి డాబా మీదికి పిలిచారు. సార్ బాపుని కూడా రమ్మన్నాడు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. ఎముకలు కొరికే చలి. సార్ పిడి తిప్పాడు... కదల్లేదు. గట్టిగా తిప్పితే ఒక్క గంతులో గ్రహాన్ని దాటిపోయి మళ్లీ బిగుసుకుంది. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వరుసలో నిలబడి చూస్తున్నారు.

"మగ్గాలు బాగుచేసేవాడి చేతిలో పెట్టాను చూడు, నాదే బుద్ధి తక్కువ" అన్నాడు సార్ మరాఠీలో, అందరికీ వినపడేట్టు.

బాపు ముందుకొచ్చి మూత తీశాడు. లోపల వేలు పెట్టి చూశాడు. ఆ గ్రీజు ఏ డబ్బాలోదో ఆయనకు తెలియదా? తలెత్తి నా వంక ఒక్కసారి చూశాడు. నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

"మాఫ్ చెయ్యిండ్రి సార్. తప్పు నాదే. గ్రీజు జాస్త్ పెట్టిన."

చేతిరుమాలుతో ఆ గ్రీజంతా తుడవడం మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికే తూర్పు తెల్లబడింది. శని కనపడకుండా పోయాడు. అందరూ గొణుక్కుంటూ దిగిపోయారు. బాపు కూడా దాంట్లో కన్ను పెట్టకుండానే ఇంటికొచ్చాడు. దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తగిలించినా బాగుండేది...

ఆ రోజు నుంచి బళ్లో నా పేరు "గ్రీజువాల్యాచి పోర్గీ", అంటే గ్రీజువాడి పిల్ల. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. పదో తరగతి అయిపోయేదాకా నాకు ఆ నిమిషం దొరకలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ ముచ్చట తీస్తారు... నేనూ ఒక నవ్వే బొమ్మ పెడతాను. మా బాపు మీద జోకుకి, నేను!

మొన్న ఫోన్లో ఒక వీడియో వచ్చింది. చలికాలానికి టెలిస్కోప్ మౌంట్ ఎట్లా తయారుచేసుకోవాలో ఒకాయన చేతికి తొడుగులు వేసుకుని ఇంగ్లీషులో చెబుతున్నాడు. పాత గ్రీజంతా కడిగెయ్యాలట. పల్చటి నూనె చుక్క చాలట. కింద అందరూ ఆహా ఓహో అని మెచ్చుకుంటున్నారు. మా బాపు వాకిట్లో చాప మీద కూర్చుని చెప్పిన మాటే కదా అది... అప్పుడే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇప్పుడు మేమంతా ఊరి బయట కుంభారి కాలనీలో ఉంటున్నాం. నిన్న ఇదంతా రాసి, ఇక్కడ పోస్టు పెట్టేముందు బాపుకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"పెట్టకు బిడ్డా. నలుగురు సదువుతరు. నీ ఇజ్జత్ పోతది."

ఇన్నేళ్ల తర్వాత కూడా... నా ఇజ్జతే!

మా పాత గల్లీలో ఇప్పుడు మగ్గాలు పాత ఇనుము కింద పోతున్నాయి. జాబర్ని పిలిచేవాళ్లే లేరు. ఆ చేతుల పనితనం ఎంతటిదో చెప్పినా నమ్మేవాళ్లు తగ్గిపోతున్నారు.

మా బ్యాచ్‌వాళ్లూ, చదువుతున్నారు కదా... ఆ గ్రీజు పూసింది నేను. మా బాపు కాదు.

మీ తప్పును కూడా ఎవరైనా ఇట్లా తమ నెత్తిన వేసుకుని ఉంటే, వాళ్ల పేరు ఇక్కడ రాయండి... వాళ్లకు చదివి వినిపించే వీలు ఉన్నప్పుడే రాయండి.